కుట్టు నిలవని చోట జిగురు

కాలేయంలో కణితి ఉన్న భాగాన్ని కోసి తీసేశారనుకోండి. మిగిలిన భాగం మీద అరచేయంత పచ్చి కోత ఉంటుంది. అందులో కంటికి కనిపించే పెద్ద నాళాలను సర్జన్ ఒక్కొక్కటిగా పట్టుకుని ముడి వేస్తారు, లేదా క్లిప్పు పెడతారు. చిన్నవాటిని కరెంటుతో కాల్చి మూసేస్తారు. అంతా అయ్యాక తెల్లటి గాజుగుడ్డ ఒకటి ఆ కోత మీద అద్ది తీస్తే గుడ్డంతా ఎర్రటి చుక్కలు. రక్తం ఎక్కడి నుంచి వస్తోందంటే ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేరు. కోత మొత్తం ఊరుతూ ఉంటుంది. కుట్టు వేద్దామంటే కాలేయం మెత్తన. దారం బిగిస్తే అది కణజాలాన్ని కోసుకుంటూ బయటికి వచ్చేస్తుంది. పైగా సూది గుచ్చిన ప్రతి కన్నం నుంచీ కొత్తగా రక్తం. పోనీ ఇంకాస్త కాల్చుదామంటే బాగున్న కాలేయం కూడా మాడుతుంది.

ఆపరేషన్‌లో వాడే జిగుళ్లు ప్రధానంగా ఈ ఊరే రక్తం కోసమే. తెగిన ధమని నుంచి చిమ్మే రక్తాన్ని అవి ఆపలేవు. గట్టిపడేలోపే ప్రవాహంలో అవి కొట్టుకుపోతాయి. అక్కడ ఇవాళ్టికీ ముడి, క్లిప్పు, కుట్టే గతి. 'క్షణాల్లో రక్తం ఆపే అద్భుత జిగురు' అని వచ్చే వార్తల్లో ఈ ముక్క సాధారణంగా ఉండదు, అందుకే ముందే చెప్పేస్తున్నా.

గడ్డకట్టే విద్య మన రక్తానికి పుట్టుకతోనే ఉంది. నాళం తెగగానే ముందు ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటాయి. ఆ వెంటనే రకరకాల ప్రోటీన్లు వరుసగా ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి. ఆ వరుస చివర్లో వచ్చే ఎంజైము థ్రాంబిన్. రక్తంలో కరిగి తిరిగే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ నుంచి అది చిన్న చిన్న ముక్కలను కత్తిరిస్తుంది. ఆ ముక్కలు పోగానే దాగి ఉన్న అంటుకునే చోట్లు బయటపడతాయి. అణువులు ఒకదానికొకటి తగులుకుని ఫైబ్రిన్ పోగులవుతాయి. కాల్షియం తోడుంటే 13వ ఫ్యాక్టర్ అనే మరో ప్రోటీన్ ఆ పోగుల మధ్య అడ్డంగా ముడులు వేస్తుంది. గడ్డకు బలం ఆ వలతోనే వస్తుంది.

ఫైబ్రిన్ జిగురు అంటే ఈ ఆఖరి మెట్టును సిరంజిల్లో పెట్టడమే. ఒకదాంట్లో ఫైబ్రినోజెన్, 13వ ఫ్యాక్టర్ ఉంటాయి. రెండో దాంట్లో థ్రాంబిన్, కాల్షియం. రెండు ట్యూబుల్లో అమ్మే, కలిపితే తప్ప గట్టిపడని ఇంటి జిగురు లాంటిదే ఇదీ. సిరంజిలు రెండైనా నొక్కే పిడి ఒకటే కాబట్టి రెండూ సమంగా వచ్చి కొన దగ్గర కలుస్తాయి. మామూలు రక్తంలో మిల్లీలీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల ఫైబ్రినోజెన్ ఉంటే, ఈ జిగురులో 70 నుంచి 100 దాకా ఉంటుంది. అందుకే ఇది కట్టే గడ్డ మామూలు గడ్డకంటే చాలా చిక్కన. థ్రాంబిన్ మోతాదును బట్టి వేగం మారుతుంది. మిల్లీలీటరుకు 500 యూనిట్లుంటే కొన్ని సెకన్లలో బిగుసుకుంటుంది, 4 యూనిట్లే ఉంటే సర్జన్‌కు చర్మపు అతుకును సర్దుకునేందుకు నిమిషం పైనే దొరుకుతుంది. అన్నిటికంటే పెద్ద లాభం, ఇది రోగి రక్తం మీద ఆధారపడదు. గుండె ఆపరేషన్‌లో హెపారిన్ ఇచ్చి గడ్డకట్టకుండా చేసిన రోగికి కూడా ఇది పనిచేస్తుంది.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. 1909లోనే బెర్గెల్ అనే జర్మన్ వైద్యుడు రక్తం ఆపడానికి ఎండబెట్టిన ఫైబ్రిన్ పొడిని వాడారు. 1940లో యంగ్, పీటర్ మెడావర్ అనే పరిశోధకులు కలిసి జంతువుల్లో తెగిన నరాలను ప్లాస్మాతో, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంతో, అతికించారు. ఈ మెడావర్‌కే ఆ తర్వాత వేరే పరిశోధనకు, 1960లో, నోబెల్ వచ్చింది. 1944లో చర్మపు అతుకులకు ఫైబ్రినోజెన్, థ్రాంబిన్ రెండూ కలిపి వాడి చూశారు. ఫైబ్రినోజెన్ పలుచన కావడంతో పట్టు చాలలేదు. చిక్కటి ఫైబ్రినోజెన్ తయారుచేయడం చేతనయ్యాక, 1972లో వియన్నాలో మాత్రాస్ బృందం మళ్లీ నరాలతోనే ఈ పద్ధతికి ప్రాణం పోసింది. ఆ దశాబ్దం చివరికల్లా యూరప్‌లో జిగురు అమ్మకానికి వచ్చింది.

అమెరికాలో కథ అడ్డం తిరిగింది. చాలామంది దాతల ప్లాస్మాను కలిపి తీసే ఫైబ్రినోజెన్‌తో హెపటైటిస్ సోకే ప్రమాదం ఉందని 1977లో అక్కడి ప్రభుత్వం దాని లైసెన్సులు రద్దు చేసింది. అయినా జిగురు రుచి చూసిన సర్జన్లు ఊరుకుంటారా? బ్లడ్ బ్యాంకు నుంచి చిక్కటి ప్లాస్మా ముద్ద తెప్పించుకుని, ఆవు రక్తం నుంచి తీసిన థ్రాంబిన్ కలిపి, సొంతంగా తయారుచేసుకున్నారు. వైరస్‌లను చంపే పద్ధతులు కుదిరాక, 1998లో గానీ అక్కడ కంపెనీలు తయారుచేసే జిగురుకు అనుమతి రాలేదు.

ఆ ఆవు థ్రాంబిన్‌తో ఇంకో చిక్కు వచ్చిపడింది. అందులో ఆవు 5వ ఫ్యాక్టర్, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన మరో ప్రోటీన్, కొద్దిగా కలిసి ఉండేది. కొందరి శరీరం దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేసింది. ఆ యాంటీబాడీలు మనిషి సొంత 5వ ఫ్యాక్టర్ మీద కూడా పడ్డాయి. రక్తం ఆపడానికి వేసిన మందు, కొన్ని రోజుల తర్వాత రక్తం ఆగకుండా చేసిందన్నమాట. ముఖ్యంగా రెండోసారి ఆ మందు తగిలినవాళ్లకు ముప్పు ఎక్కువ. ఇప్పుడు మనిషి ప్లాస్మా నుంచి తీసిన థ్రాంబిన్ ఉంది. జన్యు సాంకేతికతతో చేసినదీ 2008 నుంచి ఉంది.

ఇక థియేటర్‌లోకి వద్దాం. రక్తం మడుగు కట్టిన చోట జిగురు పోస్తే అది చక్కగా గట్టిపడుతుంది, కానీ కణజాలానికి అంటదు. పైన తెల్లటి పొర, దాని కింద రక్తం మామూలుగా పారుతూ ఉంటుంది. కాబట్టి ముందు గాజుగుడ్డతో నొక్కిపట్టి, సక్షన్‌తో లాగేసి, గుడ్డ తీసిన ఆ ఒక్క క్షణంలోనే జిగురు పడాలి. మధ్యలో ఆపితే సిరంజి కొనలోనే గడ్డకట్టి మూసుకుపోతుంది, కొన మార్చాల్సిందే. ఈ టెన్షన్ లేకుండా ఫైబ్రినోజెన్, థ్రాంబిన్ రెండూ పొడిగా పూసిన కొల్లాజెన్ పట్టీలు వచ్చాయి. మందు ఉన్న వైపు తేలిగ్గా తెలియాలని దానికి పసుపు రంగు వేస్తారు. పసుపు వైపు గాయం మీద పెట్టి మూడు నిమిషాలు కదలకుండా నొక్కాలి. గ్లవ్స్‌కు రక్తం ఉంటే పట్టీ గాయాన్ని వదిలి చేతికే అంటుకుంటుంది, అందుకే ముందు సెలైన్‌తో కడుక్కుంటారు. తీసేటప్పుడు కూడా పట్టీ అంచును ఒక పరికరంతో అదిమిపట్టి చెయ్యి మెల్లగా జరపాలి.

జిలెటిన్ స్పాంజి, ఆక్సీకరణం చెందిన సెల్యులోజ్ అల్లిక లాంటివి 1940ల నుంచీ ఉన్నాయి. ఇవి జిగుళ్లు కావు, రక్తం గడ్డకట్టడానికి ఆసరా ఇస్తాయి, అంతే. చవక, వాడటం సులువు. వీటితో పేచీ ఉబ్బడం. వెన్నుపాము పక్కన ఎముకల ఇరుకులో వదిలేస్తే ఉబ్బి నరాన్ని నొక్కుతాయి. రక్తం ఆగాక అలాంటి చోట నుంచి తీసేయమంటారు. లోపల వదిలిన సెల్యులోజ్ కొన్నాళ్లకు సీటీ స్కాన్‌లో గాలి బుడగలతో అచ్చం చీముగడ్డలా కనిపించి డాక్టర్లను కంగారుపెట్టిన సందర్భాలున్నాయి. ఆపరేషన్ నోట్సులో ఏం వదిలారో రాయకపోతే వచ్చే తంటా ఇది.

ఫైబ్రిన్‌కంటే గట్టి పట్టు కావాలంటే ఆవు ఆల్బుమిన్‌ను గ్లూటరాల్డిహైడ్‌తో బిగించే జిగురు ఉంది. చీలిన బృహద్ధమని పొరలను అతికించడానికి వాడతారు. పట్టు బాగుంటుంది గానీ గ్లూటరాల్డిహైడ్ నరాలకు హాని చేస్తుంది, బిగిశాక సాగే గుణమూ తక్కువ, పెరిగే పిల్లల నాళాలకు పనికిరాదు. మెత్తదనం, బలం రెండూ ఒకే జిగురులో దొరకడం కష్టం.

వాడే తీరులోనూ ప్రాణాపాయం ఉంది. జిగురు పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే లోపలే గడ్డ కడుతుంది. గ్యాస్ ఒత్తిడితో స్ప్రే చేసేటప్పుడు కొన మరీ దగ్గరగా పెడితే తెరిచి ఉన్న సిరల్లోకి గ్యాస్ దూరి, మరణాలు కూడా జరిగాయి. దీని మీద 2012లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ కొత్త జాగ్రత్తలు జారీచేసింది.

ఇంత ఖరీదైన సరుకు వాడితే రోగికి ఒరిగేది ఎంత? చాలా పరీక్షల్లో కొలిచేది రక్తం ఎన్ని నిమిషాల్లో ఆగిందన్నదే. అందులో జిగురు గెలుస్తుంది. కానీ నెదర్లాండ్స్‌లో కాలేయ ఆపరేషన్ జరిగిన 300 మందికి పైగా రోగులతో చేసి 2012లో ప్రచురించిన పరీక్షలో, రక్తం ఆపాక కోత మీద అదనంగా జిగురు వేసినవాళ్లకూ వెయ్యనివాళ్లకూ తర్వాతి ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఊరుతున్న చోట వేయడం వేరు, ఎందుకైనా మంచిదని పైన పూయడం వేరు.

తడి మీద అంటకపోవడమే అసలు సమస్య కాబట్టి పరిశోధకులు ఇప్పుడు తడిలో బతికే ప్రాణుల వైపు చూస్తున్నారు. 2017లో హార్వర్డ్ బృందం ఒక జాతి స్లగ్ (పెంకు లేని నత్త) జిగట నుంచి సూత్రం తీసుకుని, రక్తం తగిలినా పంది గుండెకు అంటుకునే పదార్థాన్ని చేసింది. 2021లో ఎంఐటీ వాళ్లు సముద్రపు రాళ్లను పట్టుకుని ఉండే బార్నకిల్స్‌ను చూసి ఒక పేస్టు చేశారు. అందులోని నూనె ముందు రక్తాన్ని పక్కకు నెడుతుంది, ఆ తర్వాత జిగురు కణాలు కణజాలాన్ని పట్టుకుంటాయి. ఎలుకల్లో, పందుల్లో పరీక్షించారు. దాంతోపాటే ఆ పేస్టును కరిగించే ద్రవాన్ని కూడా తయారుచేశారు. సర్జన్ల లెక్కలో అది చిన్న విషయం కాదు. ఆపరేషన్ అయిన రాత్రే మళ్లీ రక్తం మొదలైతే కుట్లు విప్పి, జిగురు తీసి, కింద ఏ నాళం కారుతోందో వెతకాల్సింది వాళ్లే.