ఆదివారం, బుధవారం

"సిస్టర్, ఈ మాత్రలు వేసుకుంటే ఇంక పిల్లలు పుట్టరంట కదా?"

కొత్తగా పెళ్లయిన అమ్మాయి నోరు తెరిచి ఇలా అడిగిందంటే నర్సు పని సగం అయినట్టే. పక్కన అత్తగారుంటే ఆ ప్రశ్న గొంతు దాటదు. అందుకే ముందు తోడొచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమనాలి. ఆ తర్వాత "పిల్లలు ఎప్పుడు కావాలనుకుంటున్నావమ్మా?" అని అడగాలి. ఏ గర్భనిరోధక పద్ధతి నప్పుతుందో ఆ జవాబును బట్టే తేలుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, కాపర్-టీ వాడేవాళ్లు చాలా తక్కువ. అంటే అమ్మకీ పిన్నికీ తెలిసింది ఆపరేషన్ ఒక్కటే. కాన్పుకీ కాన్పుకీ ఎడం ఎలా పెట్టుకోవాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. ఆ లోటు నర్సే తీర్చాలి.

మూడు నెలలకోసారి ఇచ్చే 'అంతర' ఇంజెక్షన్ సంగతే చూడండి. అది అండం విడుదల కాకుండా ఆపుతుంది, గర్భసంచి లోపలి పొరను పలచన చేస్తుంది. దాంతో నెలసరి తప్పుతుంది, లేదా మధ్యమధ్యలో మరకలు కనిపిస్తాయి. ఈ మాట ముందే చెప్పకపోతే అమ్మాయి "చెడు రక్తం లోపలే ఉండిపోయింది" అని టెన్షన్ పడి రెండో డోసుకు రాదు. పొర పెరగలేదు కాబట్టి లోపల నిలిచిపోయేదేమీ లేదు. ఆపేశాక గర్భం రావడానికి మాత్రం కొన్ని నెలలు పట్టవచ్చు. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునే అమ్మాయికి ఇది తప్పక చెప్పాలి.

పెళ్లికాని పిల్ల వస్తే? నర్సు ముఖం ఏమాత్రం మారినా ఆ పిల్ల మళ్లీ రాదు. ఆమెకూ ఇదే ఓపిక, ఇదే గోప్యత. కండోమ్ సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడుతుందని ఆమెకు ఎవరు చెబుతారు?

లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన 'ఛాయ' మాత్రలో హార్మోన్ లేదు. నెలసరి మొదటి రోజు మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. నెలసరి ఆదివారం మొదలైతే నర్సు క్యాలెండర్ తీసి ఆదివారం, బుధవారం మీద పెన్నుతో సున్నాలు చుట్టి, "ఇప్పుడు నువ్వు నాకు చెప్పు" అంటుంది. అమ్మాయి వేలు పెట్టి లెక్కపెడుతుంది. మూడు నెలలు దాటాక కూడా బుధవారం దగ్గర ఆగుతుంది.

"ఇక్కడి నుంచి ఆదివారం ఒక్కటే కదా సిస్టర్?"