పాలు అర లీటరు చేసిన ఏడాది

పర్లాకిమిడి

చిరంజీవులు పెద్దపాపకీ, చిన్నబాబుకీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ మామ్మ మోకాళ్లు ఎప్పటిలాగే సతాయిస్తున్నాయి. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఒడియాలో అయితే మీరు గబగబా చదివేస్తారని తెలుసు, అందుకే తెలుగు. కాస్త కూడబలుక్కుని చదవండి, ఏం పోదు.

మొన్న సంక్రాంతికి వీధరుగు మీద మీరిద్దరూ పోట్లాడుకున్నారే, ఆ మాట గురించే ఇదంతా. పాప కాలేజీలో వాదన పోటీకి ఇచ్చిన విషయం: మాంద్యం వస్తే, అంటే వ్యాపారాలు పడిపోయి పనులు దొరకని రోజులొస్తే, సర్కారు ఖర్చు పెంచాలా, తగ్గించాలా? పెంచాలి అంది పాప. బాబు ఒక్క ముక్కతో దాని నోరు మూయించాడు: "మనింట్లో అప్పుచేసి పప్పుకూడు తింటే నాన్న ఊరుకుంటాడేటి?" పాపకు జవాబు తోచక కళ్లనీళ్లు పెట్టుకుని లోపలికెళ్లిపోయింది. నేను పడక్కుర్చీలో ఉండి విననట్టు ఊరుకున్నాను. తప్పే. ఎందుకు ఊరుకున్నానంటే, నలభై ఏళ్లు బట్టల కొట్లో గుమస్తాగా పద్దులు రాసినవాణ్ణి, నేనూ ఎప్పుడూ బాబు పక్షమే. రాబడి ఇంత, ఖర్చు ఇంతలోపు, అంతే. ఆ లెక్క 2020లో నాకే తప్పింది.

ఆ ఏడాది మార్చి 25న దేశమంతా మూసేశారు కదా. మా కొట్టు అరువు ఖాతాలో ఏప్రిల్, మే పేజీలు ఇప్పటికీ ఖాళీగానే ఉంటాయి, తారీఖులు తప్ప ఏమీ లేవు. కొట్టు తెరిచాక కూడా పెద్దిళ్లవాళ్లు ఒక్క చీర కొనలేదు. డబ్బు లేక కాదు, భయం. రేపెలా ఉంటుందోనని ఎవరి సంచి వాళ్లు మూతి బిగించేశారు. షావుకారు నా జీతం సగం చేశాడు. ఆయన్నీ ఏమనగలం? నేను ఇంటికొచ్చి లీటరు పాలు అర లీటరు చేయించాను. పాలావిడ ఏమీ అనలేదు, చెంబు వంచి సగం పోసి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా వాళ్ల రెండో గేదెను అమ్మేశారని మీ మామ్మ చెప్పింది. ఆ అర లీటరు ఒక్క మా ఇంట్లోనే కాదు, వీధి వీధంతా తగ్గించిందట.

నేను చేసింది తప్పా? కాదు. షావుకారుదీ కాదు. ఎవరి మటుకు వాళ్లు బుద్ధిగానే నడుచుకున్నారు. కానీ ఒకడు పొదుపు చేస్తే మిగులు, ఊరంతా ఒకేసారి పొదుపు చేస్తే అందరికీ నష్టం. నా ఖర్చే కదా పాలావిడ రాబడి!

మళ్లీ ఆ ఖాతాలో మొదట కనబడిన అంకెలు ఏంటో తెలుసా? యాభై, నూరు, నూటపాతిక. పాత బాకీ కింద జమలు. అన్నీ ఆడవాళ్లవి, చాలావరకు కొండమీది సవర పల్లెలవాళ్లవి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా జనధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 చొప్పున వేసింది. అదీ, జాబ్‌కార్డు మీద చేసే ఉపాధి హామీ పని డబ్బూ కలిసి బజారుకొచ్చాయి. లక్షలున్నవాడు దాచుకున్నాడు, ఐదొందలు వచ్చినావిడ ఖర్చుపెట్టింది, ఆవిడవల్లే మా కొట్లో దీపం వెలిగింది. అంచేత బాబూ, ఇంటి లెక్క సర్కారుకు అతకదు. సర్కారు పని ఆపేస్తే కూలీ బజారుకు రాడు, కొట్టువాడు జీఎస్టీ కట్టడు, చివరికి తగ్గేది సర్కారు రాబడే. 2020-21లో కేంద్రం లోటు, అంటే రాబడికి మించిన ఖర్చు, జాతీయాదాయంలో 3.5 శాతం ఉంటుందని బడ్జెట్లో వేసుకున్నారు, తేలింది 9 శాతం పైన. అది ఎడాపెడా ఖర్చుపెట్టినందువల్లే అనుకోకు. పన్నులూ పడిపోయాయి, భాగహారంలో కింద ఉండే జాతీయాదాయమూ చిక్కిపోయింది.

ఈ మాట ఇంగ్లండులో కీన్స్ అనే ఆర్థికవేత్త 1930ల్లోనే గట్టిగా వాదించాడు. మన పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది 1936లో. ఆ మరుసటేడు అమెరికాలో, ఇక గండం గడిచిందని రూజ్వెల్ట్ ప్రభుత్వం ఖర్చు కోసింది. 1938కల్లా నిరుద్యోగం మళ్లీ పైకి లేచింది.

అమెరికా దాకా ఎందుకు, అసలు మనవాళ్ల నోట్లోనే చరిత్ర ఉంది. ఉపాధి హామీ పనిని ఇప్పటికీ మన తెలుగు కూలీలు "కరువు పని" అంటారు చూడండి. ఆ పేరు ఊరికే రాలేదు. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఇలాగే మట్టి పనులు పెట్టారు, బకింగ్‌హాం కాలువలో కొంతభాగం అలా తవ్విందే. మధ్యలో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి ఖర్చు ఎక్కువవుతోందని కూలి కోశాడు. రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిగా చిల్లర. పౌనంటే అర కిలో కూడా కాదు, దాంతో మన్ను మొయ్యాలి! మద్రాసులో ఆరోగ్య శాఖ చూసే కార్నిష్ అనే డాక్టరు, ఇంత తిండితో మనిషి బతకడని పోట్లాడాడు, తర్వాత కొంత పెంచారు. అంతకు పదేళ్ల ముందు, 1866లో, ఒడిశా నఅంక దుర్భిక్షం మీరు బళ్లో చదివే ఉంటారు. బియ్యం తెప్పించడం సర్కారు పని కాదు, బజారే చూసుకుంటుందని కలకత్తా రెవెన్యూ బోర్డు కూచుంది. సుమారు పది లక్షలమంది పోయారు. ఖజానా పద్దు మటుకు పదిలంగా ఉండే ఉంటుంది.

పాప అప్పుడే చంకలు గుద్దుకోకూడదు. "ఖర్చు పెంచాలి" అంటే చాలదు, ఎవరి చేతికి, ఎవరి చేతినుంచి అన్నది చెప్పాలి. 2019 సెప్టెంబరులో మందగమనం అని కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22కు దించారు. ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకున్నట్టని సర్కారే చెప్పింది. ఆ డబ్బుతో కొత్త ఫ్యాక్టరీలు లేచాయా? కంపెనీలు ఎక్కువగా అప్పులు తీర్చుకున్నాయనీ, నగదు దాచుకున్నాయనీ మరుసటేడు రిజర్వు బ్యాంకు వార్షిక నివేదికే రాసింది. మా పెద్దిళ్లవాళ్లలాగే! 2020 మేలో ఉపాధి హామీకి అదనంగా ఇచ్చింది 40,000 కోట్లు. అదే నెల్లో పెట్రోలు మీద లీటరుకు 10, డీజిలు మీద 13 రూపాయల సుంకం పెంచారు. ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడుకోవడం కాదూ ఇది? నన్నడిగితే ఆ డీజిలు సుంకం తప్పు. కూరగాయల బండి నుంచి ట్రాక్టరు దాకా అందరి నెత్తినా పడింది.

ఇప్పుడు బాబు వంతు. నీ భయం ఉత్తది కాదు నాన్నా. శ్రీలంకలో 2019 చివర్లో వ్యాట్ అనే అమ్మకం పన్నును 15 నుంచి 8 శాతానికి కోసేశారు, ఆ మీదట కరోనా వచ్చి పర్యాటకులు రాక, డాలర్లు లేక, 2022 ఏప్రిల్లో విదేశీ అప్పు కట్టలేమని చేతులెత్తేశారు. మన దగ్గరా 2008లో అమెరికాలో లేమాన్ అనే పెద్ద బ్యాంకు మునిగాక పన్నులు తగ్గించి ఖర్చు పెంచారు, అంతవరకు మంచిదే. కోలుకున్నాక కూడా వెనక్కి తీసుకోవడానికి తాత్సారం చేశారు, తర్వాత మూడు నాలుగేళ్లు ధరలు మండాయి. అప్పట్లో పప్పు కొనలేక మీ మామ్మ చారులోనే సరిపెట్టేది. ఇవాళ కేంద్రం ఖర్చుపెట్టే రూపాయిలో 20 పైసల దాకా వడ్డీకే పోతోంది. అప్పు అంటే అది కూడా.

ఇంకోటి, మీ ఇద్దరి నోటా రానిది. సర్కారు అంటే ఒకటి కాదు. నోటు భువనేశ్వర్‌లో అచ్చు కాదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చెయ్యాలంటే కేంద్రం ఒప్పుకోవాలని రాజ్యాంగం 293వ అధికరణం. అంచేత రాష్ట్రం విషయంలో బాబు లెక్కే కొంత నిజం. 1999 తుపాను తర్వాత ఒడిశా ఖజానా ఎంత చితికిందో నాకు గుర్తుంది. 2005లో లోటుకు హద్దు పెడుతూ చట్టం చేసుకుంది, 2005-06 నుంచి రెవెన్యూ ఖాతాలో, అంటే రోజువారీ రాబడి ఖర్చుల్లో, మిగులు చూపిస్తూ వచ్చింది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు మన గజపతి జిల్లా మీద విరుచుకుపడ్డప్పుడు ఆ జాగ్రత్త అక్కరకొచ్చింది. మంచిరోజుల్లో బిగించినవాడే చెడ్డరోజుల్లో వదలగలడు. మనవాళ్లు చేసేది మాత్రం తరచూ దీనికి తలకిందులు, చేతినిండా ఉన్నప్పుడు పంచడం, లేనప్పుడు కోయడం.

ఏమీ తోచకపోతే పాప మన రైలుబండి సంగతి చెప్పొచ్చు. నౌపడ నుంచి ఇక్కడికి 1900లో రాజావారు సొంత సొమ్ముతో చిన్న లైను వేయించారు. మొదట్లో నష్టమే. ప్రపంచమంతా మాంద్యంలో ఉన్న 1931కల్లా దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. అది సర్కారు డబ్బు కాదు, ప్రతిపక్షంవాళ్లు అడిగితే ఆ మాట ఒప్పేసుకో. కానీ ఆ లైను మీదే, వెడల్పు చేశాక, నువ్వు పండక్కి వచ్చావు.

ఆ ఖాతా పుస్తకం షావుకారు పారేస్తానంటే నేనే ఇంటికి తెచ్చుకున్నాను. అటక మీద ఉంది. వేసవి సెలవులకు రండి, జమల పేజీ చూపిస్తాను. మేం మళ్లీ లీటరు పాలే పోయించుకుంటున్నాం. పాలావిడ ఇంకా రెండో గేదెను కొనలేదు.

ఇట్లు
తాతయ్య