ధర్నాకు బయల్దేరక ముందే: సీమలో ముందస్తు నిర్బంధాల వెనుక కథ

'ముందస్తు అరెస్టులు' అనే మాట సీమ జిల్లాల పేపర్లలో మళ్లీ తరచూ కనిపిస్తోంది. కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో ఏదో ఒక సంఘం ఆందోళనకు పిలుపునిస్తుంది. ముందురోజు సాయంత్రానికే నాయకుల ఇళ్ల ముందు పోలీసులుంటారు. ఫలానా డివిజన్‌లో నెలాఖరు దాకా పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉంది, అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు చేస్తే చర్యలు తప్పవు అని ఒక ప్రకటన వస్తుంది. పాలకపక్షం శాంతిభద్రతలంటుంది, ప్రతిపక్షం అణచివేతంటుంది. 2024కు ముందూ ఇవే మాటలు. అన్నవాళ్లే అటూ ఇటూ మారారు.

కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో ఒక పత్రికా వ్యాసానికి రాజద్రోహం కేసులో జైలుకు పోయిన నాటి నుంచి ఎమర్జెన్సీ దాకా నడిచిన కథ పాఠకులకు తెలిసిందే. అది మళ్లీ చెప్పను. ఇవాళ్టి గొడవ అర్థం కావడానికి 2022 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా గడిచిన ఏడు నెలలు చూస్తే చాలని నా అభిప్రాయం.

పీఆర్సీ (వేతన సవరణ) జీవోలు రద్దు చేయాలని ఆ ఏడాది ఫిబ్రవరి 3న ఉద్యోగ సంఘాలు 'చలో విజయవాడ' పెట్టుకున్నాయి. కోవిడ్ నిబంధనలు చూపించి పోలీసులు అనుమతి ఇవ్వలేదు. జిల్లాల్లో నాయకులను ఇళ్లలోనే ఆపారు. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, టోల్‌గేట్ల దగ్గర తనిఖీలు పెట్టారు. అయినా ఆ రోజు విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు జనంతో నిండిపోయింది. ఉద్యోగులు రకరకాల సాకులు చెప్పి, రాత్రికి రాత్రి బయల్దేరి చేరుకున్నారు. అంత జనం వచ్చినా పెద్ద గొడవేమీ జరగలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. పన్నెండు రోజులు తిరిగేసరికి డీజీపీ గౌతమ్ సవాంగ్ బదిలీ అయ్యారు. అధికారికంగా కారణం చెప్పలేదు. కానీ ఆ జనాన్ని ఆపలేకపోవడమే కారణమని సచివాలయం నుంచి మండల కేంద్రం దాకా అందరూ అనుకున్నారు. పోలీసు శాఖ కూడా అలాగే అర్థం చేసుకుందని తర్వాత జరిగింది చూస్తే తెలుస్తుంది.

అదే ఏడాది సెప్టెంబరు 1న సీపీఎస్ (ఉద్యోగి జీతం నుంచీ వాటా కోసే పెన్షన్ పథకం) రద్దు కోసం టీచర్లు, ఉద్యోగులు మిలియన్ మార్చ్ తలపెట్టారు. ఈసారి పోలీసులు విజయవాడ రోడ్ల కోసం ఎదురుచూడలేదు. వారం పది రోజుల ముందు నుంచే ఊరూరా నోటీసులు ఇచ్చారు. పాఠాలు జరుగుతున్న టైంలో స్కూలుకు వచ్చి టీచర్ చేతిలో నోటీసు పెట్టి సంతకం తీసుకున్నారు. బైండోవర్ కేసులు పెట్టి, పూచీకత్తులు అడిగారు. ఈ బైండోవర్ మన ప్రాంతంలో రౌడీషీటర్ల మీద, ఫ్యాక్షన్ కేసులున్నవాళ్ల మీద ఎన్నికలప్పుడు పెట్టేది. సుద్దముక్క పట్టుకునే మనిషిని తహసీల్దార్ ముందు నిలబెట్టి 'గొడవ చేయను' అని రాయించుకోవడం ఎంత అవమానమో ఆ మనిషికే తెలుస్తుంది. మార్చ్ అనుకున్న రోజు జరగలేదు, వాయిదా పడింది.

మలుపు ఇదే. అప్పటిదాకా పోలీసులు గుంపును ఆపేవాళ్లు. ఇక్కడి నుంచి మనిషిని ఆపడం మొదలైంది. లాఠీ ఎత్తితే ఫొటో వస్తుంది, కోర్టు అడుగుతుంది. నోటీసుకు ఫొటో ఉండదు. పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకోవడానికి ఖాళీలు వదిలిన టైపు కాగితం అది. అప్పట్లో సీఆర్పీసీ (పాత నేర విచారణ చట్టం) 149, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 168 అని పైన ఉంటుంది. మీరు ఫలానా కార్యక్రమానికి వెళ్తే చట్టప్రకారం చర్య తీసుకుంటాం అని కింద ఉంటుంది. ఆ కార్యక్రమానికి వెళ్లడం ఏ చట్టం ప్రకారం నేరమో మాత్రం చాలా కాగితాల్లో ఉండదు.

ఈ పద్ధతి కోస్తా వాళ్లకన్నా మనకు ఎక్కువ తగులుతుంది. గుంటూరు మనిషి పొద్దున లేచి విజయవాడ పోగలడు. అనంతపురం మనిషి ముందురోజు రాత్రే రైలెక్కాలి. అంటే ఆ రాత్రి రైల్వే స్టేషన్లో, బస్టాండులో నలుగురు కానిస్టేబుళ్లుంటే జిల్లా జిల్లాయే ఆగిపోతుంది. 1953 నుంచి 1956 దాకా రాజధాని కర్నూలులో ఉంది. అది పోయాక ప్రభుత్వానికి గోడు చెప్పుకోవాలంటే ఇక్కడివాళ్లకు రాత్రంతా ప్రయాణమే. 2024 జనవరి 22న అంగన్‌వాడీల 'చలో విజయవాడ'కూ అదే జరిగింది. 2023 డిసెంబరు 12 నుంచి సమ్మెలో ఉన్న ఆ ఆడవాళ్ల మీద అప్పటికే ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెట్టారు. పిలుపు రోజు వచ్చేసరికి చాలామందిని సొంత ఊరి బస్టాండు దాటనివ్వలేదు.

సీమకు ఈ అనుభవం అంతకుముందే ఒకసారి రుచి చూపించారు. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర కృష్ణానది మీద అలుగు కట్టాలంటూ రైతులే శంకుస్థాపనకు పిలుపునిచ్చారు. శ్రీశైలంలో నీటిమట్టం తగ్గితే సీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడుకు నీళ్లెక్కవు. ఎగువన అలుగుంటే ఆ కష్టం కొంత తీరుతుందన్నది వాళ్ల వాదన. 1951 నాటి కృష్ణా-పెన్నార్ ప్రాజెక్టు ఆలోచనలోనే సిద్ధేశ్వరం పేరుంది, కొత్త కోరికేం కాదు. పోలీసులు అనుమతి లేదన్నారు, దారుల్లో చెక్‌పోస్టులు పెట్టారు, వాహనాలు ఆపారు. వేలమంది రైతులు బండ్లు దిగి నడిచిపోయి రాయి వేసి వచ్చారు. అప్పుడున్నది తెలుగుదేశం ప్రభుత్వం. అందుకే దీన్ని ఒక్క పార్టీ ఖాతాలో రాయడం కుదరదు.

చాలామంది మాత్రం ఈ కథను జీవో నంబర్ 1తో మొదలుపెడతారు. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు సభలో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో 3 మంది తొక్కిసలాటల్లో చనిపోయారు. మర్నాడే ఆ జీవో వచ్చింది. 1861 నాటి పోలీసు చట్టంలోని 30, 30ఏ, 31 సెక్షన్లు చూపించి, జాతీయ రహదారి నుంచి పంచాయతీ రోడ్డు దాకా ఎక్కడా సభలకు మామూలుగా అనుమతి ఇవ్వొద్దంది. అనంతపురం మాజీ ఎమ్మెల్యే, అప్పటి సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె.రామకృష్ణ తదితరులు హైకోర్టుకు పోయారు. జనవరి 12న జీవో సస్పెండ్ అయింది, మే 12న కొట్టేశారు.

ఆ తీర్పు కొత్త సూత్రమేం చెప్పలేదు. రోడ్డు మీద సభను ప్రభుత్వం క్రమబద్ధం చేయొచ్చు కానీ మొత్తానికే లేదనకూడదని 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. న్యాయబద్ధమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి, జనం గుమిగూడకుండా నిషేధించే సెక్షన్ 144 వాడొద్దని, ఆ ఉత్తర్వులను జనానికి తెలిసేలా ప్రకటించాలని 2020లో అనురాధా భసీన్ కేసులో చెప్పింది. సెక్షన్ 30 కూడా ఊరేగింపు ఏ దారిన, ఏ టైంలో పోవాలో చెప్పే అధికారం, గొడవ జరిగే అవకాశం ఉందనుకుంటే లైసెన్సు తీసుకోమనే అధికారం ఇస్తుంది. దాన్ని మీరితే చట్టంలో ఉన్న శిక్ష 200 రూపాయల లోపు జరిమానా. అలాంటి సెక్షన్ చూపించి నెలల తరబడి ఊళ్లకు ఊళ్లను మౌనంగా ఉంచుతున్నారు.

జీవో పోయింది కాబట్టి సమస్య పోయిందనుకున్నారు. 2022లో నేర్చుకున్న పద్ధతికి జీవో అవసరమే లేదు. 2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున నంద్యాలలో చంద్రబాబును అరెస్టు చేశాక రాష్ట్రమంతా 144 పెట్టి, టీడీపీ నాయకులను ఇళ్లలో ఆపారు. ప్రభుత్వం మారాక 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ ఉపఎన్నిక పోలింగ్ నాడు కడప ఎంపీ అవినాష్ రెడ్డిని ముందస్తుగా అదుపులోకి తీసుకున్నారు. తాడిపత్రి మాజీ ఎమ్మెల్యే కేతిరెడ్డి పెద్దారెడ్డి ఏడాదికి పైగా సొంత ఇంటికి పోలేకపోయారు. హైకోర్టు అనుమతిచ్చినా పోలీసులు ఆపారు, సుప్రీంకోర్టు దాకా పోయాకే దారి దొరికింది. ఇంత పలుకుబడి ఉన్నవాళ్లకే ఇలా ఉంటే, ఆశా వర్కర్‌కో విద్యార్థి సంఘం కుర్రాడికో ఏ కోర్టు అందుతుంది?

పోలీసుల వాదన కూడా ఉంది. ఫ్యాక్షన్ ఊళ్లలో ఒక ఊరేగింపు ఎటు తిరుగుతుందో చెప్పలేం అంటారు. 2025 సెప్టెంబరులో కరూర్ తొక్కిసలాటలో 41 మంది పోయారు, అలాంటిది ఇక్కడ జరిగితే అడిగేది మమ్మల్నే కదా అంటారు. జనం భద్రత గురించిన ఆ ఆందోళన నిజమే. దానికి మందు బారికేడ్లు, దారులు, అంబులెన్సులు. పదిమంది టీచర్లు కలెక్టరేట్ ముందు కూర్చుంటే తొక్కిసలాట జరగదు.

సోషల్ మీడియా పోస్టుల మీద కేసులదీ ఇదే వరస. 2024 తర్వాత కొన్ని పోస్టులకు వ్యవస్థీకృత నేరానికి సంబంధించిన బీఎన్‌ఎస్ 111 కూడా తగిలించారు. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు మాటలకు, రాతలకు సంబంధించిన ఇలాంటి ఫిర్యాదుల్లో ముందు ప్రాథమిక విచారణ చేయమంది. అదే ఏడాది జూలైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపి, రిమాండ్ ఇచ్చేముందు ఆ తీర్పును, అనవసర అరెస్టులు వద్దన్న అర్నేష్ కుమార్ తీర్పును పాటించమని గుర్తుచేసింది. రాతల విషయంలో ఆ మాత్రం అడ్డు ఏర్పడింది. ఇంటి ముందు నిలబడే కానిస్టేబుల్ విషయంలో ఏర్పడలేదు.

ముందస్తు అరెస్టుకు చట్టంలో ఉన్న దారి పాత సీఆర్పీసీ 151, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 170. వారెంటు లేకుండా పట్టుకోదగ్గ నేరానికి పథకం వేస్తున్నారని పోలీసు అధికారికి తెలిసి ఉండాలి, దాన్ని ఆపడానికి వేరే మార్గం ఉండకూడదు, మరో చట్టం అనుమతిస్తే తప్ప 24 గంటలకు మించి ఉంచకూడదు. కలెక్టరేట్ ముందు వినతిపత్రం ఇవ్వడం అలాంటి నేరం కాదు. ఇక పోలీసులే పెట్టే హౌస్ అరెస్టుకు ఈ సెక్షన్లలో ఎక్కడా చోటు లేదు. అందుకే దానికి కాగితం ఇవ్వరు. కాగితం లేకపోతే కోర్టులో చూపించడానికి ఏముంటుంది?

ఇప్పుడు ఆందోళనలు చేస్తున్న సంఘాలు ముందుగా అడగాల్సింది ఆ కాగితాన్నే. అనుమతి అర్జీకి జవాబు కార్యక్రమం ముందురోజు సాయంత్రం ఇస్తే అనంతపురం నుంచి అమరావతిలోని హైకోర్టు తలుపు తట్టే టైం మిగలదు. కర్నూలులో హైకోర్టు బెంచ్ కోసం అసెంబ్లీ 2024 నవంబరులో తీర్మానం చేసింది. అది వచ్చేలోపైనా, నిరాకరిస్తే కారణంతో సహా, రాతపూర్వకంగా, కనీసం మూడు రోజుల ముందు చెప్పాలని ప్రతి జిల్లా ఎస్పీకి ఉత్తర్వులు ఇవ్వడం ప్రభుత్వం చేతిలోని పని. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఇదే నిర్బంధం అనుభవించిన పార్టీ ఇప్పుడు అధికారంలో ఉంది. ఆ ఉత్తర్వు ఇవ్వడానికి దానికున్న అడ్డేమిటో చెప్పాలి.