కల్చర్‌లోని కాలేయ కణాలు, ప్రోటీన్ సంశ్లేషణ లయ: అపోహలు – వాస్తవాలు

అపోహ: కల్చర్‌లో, అంటే ప్రయోగశాల పాత్రలో, పెరిగే కాలేయ కణాలు ఎప్పుడూ ఒకే వేగంతో ప్రోటీన్లను తయారుచేస్తాయి.

వాస్తవం: సంశ్లేషణ వేగం సుమారు గంట వ్యవధితో హెచ్చుతగ్గులకు లోనవుతూ ఉంటుంది. కణాలు దూరదూరంగా ఉండే పలుచటి కల్చర్‌ను కొలిచినప్పుడు గ్రాఫ్ చదునుగా రావడానికి కారణం కణాల్లో లయ లేకపోవడం కాదు, వాటి దశలు (హెచ్చు, తగ్గుల వేళలు) కలవకపోవడం. వెయ్యిమంది ఎవరి తాళం వారు వేసుకుంటే వినేవారికి మిగిలేది రొద మాత్రమే. కొలిచే పద్ధతి కూడా లయను దాచగలదు. గంటకొక నమూనా తీసేవారికి గంట లయ కనిపించే అవకాశమే లేదు కనుక, ప్రోటీన్లలో చేరే అమైనో ఆమ్లమైన ల్యూసిన్‌ను రేడియోధార్మిక రూపంలో కొద్ది నిమిషాలపాటే ఇచ్చి, పది నిమిషాలకొక నమూనా చొప్పున తీయాలి. కణంలో స్వేచ్ఛగా ఉన్న ల్యూసిన్ పరిమాణం కూడా మారుతుంటుంది కాబట్టి, ప్రోటీన్‌లో చేరిన భాగాన్ని దానితో సరిచూడకుండా గీసిన గ్రాఫ్‌ను నేను నమ్మను.

అపోహ: కణాలు ఒకదానినొకటి తాకితేనే వాటి లయలు కలుస్తాయి.

వాస్తవం: చిక్కటి కల్చర్లలో లయలు వాటంతటవే కలుస్తాయి, పలుచటి వాటిలో కలవవు, అందువల్ల స్పర్శే కారణమని అనుకోవడం సహజమే. అయితే మాస్కోలోని కోల్త్సోవ్ సంస్థలో వి. యా. బ్రోడ్‌స్కీ బృందం, చిక్కటి కల్చర్‌లో కొంతసేపు ఉన్న పోషక ద్రవాన్ని పలుచటి కల్చర్‌కు అందించగా, అక్కడ తాకకుండా దూరదూరంగా ఉన్న కణాల లయలు కూడా కలిశాయి. అంటే కణాలు ద్రవంలోకి ఏదో సంకేతాన్ని విడుదల చేస్తున్నాయన్నమాట. ఆ పాత్ర ప్రధానంగా జీఎం1 అనే గాంగ్లియోసైడ్‌దని (కణపొరలో ఉండే, చక్కెరలు అతికిన ఒక కొవ్వు పదార్థం) తేలింది: దాని తయారీని నిరోధిస్తే చిక్కటి కల్చర్‌లోనూ సమన్వయం చెదిరిపోతుంది, బయటినుంచి దానిని కలిపితే పలుచటి కల్చర్‌లోనూ ఏర్పడుతుంది.

అపోహ: ఆ సంకేతమే లయను పుట్టిస్తుంది.

వాస్తవం: లయ కణానిది, సంకేతం దశలను సర్దుతుంది, అంతే. గాంగ్లియోసైడ్‌తో ఏ రసాయన పోలికా లేని నోరాడ్రెనలిన్, సెరొటోనిన్, మెలటోనిన్ అనే సంకేత రసాయనాలు కూడా ఇదే ఫలితాన్నివ్వడం ఇందుకు బలమైన ఆధారం. ఈ దారులన్నీ కణం లోపల ఒకచోట కలుస్తాయి: కణద్రవంలో కాల్షియం అయాన్లు పెరుగుతాయి, ఆపై ప్రోటీన్ కైనేజ్‌లు (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ జోడించే ఎంజైములు) చురుకవుతాయి. కాల్షియంను ముందే బంధించి ఉంచితే సంకేతం అందినా సమన్వయం ఏర్పడదు.

అపోహ: ఇది 24 గంటల జీవ గడియారమే.

వాస్తవం: కాదు. క్లాక్ జన్యువుల మీద నడిచే దినలయ వేరు, ఈ గంట లయ వేరు. గందరగోళానికి మూలం, 1998లో కల్చర్ కణాలకు గాఢమైన సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఇచ్చి దినలయను బయటపెట్టిన ప్రయోగం కావచ్చు.

అపోహ: ముసలి ఎలుకల కాలేయ కణాలు లయను శాశ్వతంగా కోల్పోతాయి.

వాస్తవం: వాటి కల్చర్లలో లయ ఎత్తు తగ్గి కనిపించే మాట నిజం. కానీ జీఎం1 కలిపినప్పుడు అది వయసులో ఉన్న ఎలుకల కణాల స్థాయికి చేరువవుతుంది కనుక, లోపం ప్రధానంగా కణాల మధ్య సంకేతాలదేనని భావించవచ్చు. ఇవన్నీ ఎలుక కణాల కల్చర్లలో వచ్చిన ఫలితాలు. వీటిని చూపి మనుషుల కాలేయానికి మెలటోనిన్ మాత్రలు సిఫారసు చేయడానికి ఆధారం లేదు.