తల్లి పాలు సరే, చూలు సంగతి?

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. పాల లెక్కలో ఈ సామెత మూడోవంతే నిజం. పాల దిగుబడి అనువంశికత దాదాపు 30 శాతం. అంటే మందలో ఆవుకీ ఆవుకీ కనిపించే తేడాల్లో 30 వంతులు జన్యువులవి, మిగతావి మేత, ఎండ, జబ్బు, సాకే మనిషివి. ఒక ఆవు ఈతకు మంద సగటు కంటే 1,000 లీటర్లు ఎక్కువ ఇచ్చిందనుకోండి. జన్యువుల వాటా 300. తల్లి నుంచి పెయ్యకు వచ్చేది అందులో సగమే కాబట్టి, మనం ఆశ పెట్టుకోదగ్గది 150 లీటర్లు. తల్లి పాలు పిండి చూపించి పెయ్యను అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

చూలు నిలవడానికి వస్తే, అమెరికాలో హోల్‌స్టీన్ అనే పాడి జాతి ఆవుల్లో అనువంశికత 4 శాతమే. ఎదను సకాలంలో గమనించారా, చూలు కట్టించే సూది (కృత్రిమ గర్భధారణ) ఏ పూట వేశారు, ఈనాక గర్భసంచి శుభ్రపడిందా లాంటివే ఎక్కువ తేల్చేస్తాయి. దాంతో పెంపకందారులు దశాబ్దాల పాటు పాలను మాత్రమే చూసి ఆబోతులను ఎంచుకున్నారు. పొరపాటు అక్కడే జరిగింది. 4 శాతమంటే జన్యువుల్లో తేడాలు లేవని కాదు, మిగతా గందరగోళంలో అవి కనపడవని. పైగా పాలు పెంచే జన్యువుల్లో కొన్ని చూలుకు అడ్డొస్తాయి. ఈనగానే పాలు పొంగుతుంటే తిన్న మేత చాలక ఒంట్లో కొవ్వు కరుగుతుంది, ఎద ఆలస్యమవుతుంది. 1960ల నుంచి 2000 నాటికి హోల్‌స్టీన్ పాలు దాదాపు రెట్టింపయ్యాయి, చూలు కట్టడం మాత్రం తగ్గుతూ వచ్చింది.

దీనికి మందు కూతుళ్ల లెక్క, అంటే ఆబోతు విలువను దాని కూతుళ్లను చూసి కట్టడం. ఆబోతు పాల విలువను ఓ మాదిరి నమ్మకంతో, అంటే 50 శాతం కచ్చితత్వంతో, తేల్చడానికి డజను మంది కూతుళ్లు చాలు. చూలుకైతే అదే నమ్మకానికి వంద మంది కావాలి. నార్వే వాళ్లు 1970ల నుంచే ఆ ఓపిక పట్టారు. అమెరికాలో ఆబోతులకు చూలు అంకె ఇవ్వడం మొదలైంది 2003లో.

ఈలోగా జరిగిన నష్టానికి ఒక పేరుంది: చీఫ్. 1962లో పుట్టిన ఈ హోల్‌స్టీన్ ఆబోతుకు 16,000 మంది కూతుళ్లు. పాలలో దిట్ట. కానీ దాని జన్యువుల్లో ఒక లోపం దాగి ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే లోపం వస్తే పిండం బతకదు. జన్యు పరీక్షలు చేసిన వేలాది పశువుల్లో రెండు వైపులా ఆ లోపమున్నది ఒక్కటీ ప్రాణాలతో కనపడకపోవడంతో 2011లో శాస్త్రవేత్తలకు అనుమానమొచ్చింది. ప్రపంచవ్యాప్తంగా దీనివల్ల పోయిన పిండాలు 5 లక్షలని అంచనా. అన్నేళ్లూ కొట్టాల్లో దాన్ని మాత్రం ‘సూది నిలవలేదు, మళ్లీ వేయించాలి’ అనే రాసుకున్నారు.