వరంగల్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ: తరచూ వినే అపోహలు, తొమ్మిదేళ్లలో చూసిన వాస్తవాలు

హనుమకొండలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదలుపెట్టి తొమ్మిదేళ్లు దాటింది. ప్రస్తుతం పదకొండు మందిమి పని చేస్తున్నాం. ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణాలకు, ఆ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, ఎరువుల దుకాణాలకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారు చేయడం మా పని. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు, వారి తల్లిదండ్రులు, హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి సొంతూరికి రావాలనుకుంటున్న మిత్రులు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ ప్రశ్నల వెనుక ఉన్న నమ్మకాల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు. వాటిని ఒకచోట రాసిపెడితే ఉపయోగపడుతుందని ఈ ప్రయత్నం.

అపోహ: హైదరాబాద్‌లో లేకపోతే టెక్నాలజీ వ్యాపారం సాగదు.

వాస్తవం: పెట్టుబడిదారులు, పెద్ద కంపెనీలు, స్టార్టప్‌లకు తోడ్పడేందుకు 2015లో మొదలైన టీ-హబ్ అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్న మాట నిజం. అయితే ఎవరి కోసం తయారు చేస్తున్నామో తేల్చుకున్న తర్వాతే ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. మా సాఫ్ట్‌వేర్ కొనేవారు ఎనుమాములలో ఉన్నారు కాబట్టి మేము ఇక్కడ ఉన్నాం.

దీని విలువ నాకు తెలిసివచ్చిన రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మొదటి ఏడాది మేము చేసిన సాఫ్ట్‌వేర్‌లో కొత్త సరుకు నమోదు చేయాలంటే ముందుగా రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు నింపాలి; ఆ తర్వాతే బస్తాల సంఖ్య. ఆఫీసులో కూర్చుని ఆలోచించినప్పుడు మాకు అదే సరైన వరుస అనిపించింది. దుకాణాల వాళ్లు కొన్నారు గానీ వాడలేదు. కారణం అడిగితే "టైం దొరకట్లేదు సార్" అనేవారు. ఫిబ్రవరిలో, మిర్చి సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు, ఒక అడ్తి దుకాణంలో తెల్లవారుజామున ఐదింటికే వెళ్లి కూర్చున్నాను. ట్రాలీలు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. హమాలీలు బస్తాలు దించి వరుసలుగా పేరుస్తున్నారు. ఒకే ట్రాలీలో ముగ్గురు రైతుల సరుకు కలిసి వచ్చింది. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన ఆ రైతులు చాయ్ తాగడానికి వెళ్లారు. గుమాస్తా మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా, ఏ కుప్పలో ఎన్ని బస్తాలు, మిర్చి రకం తేజనా, వండర్ హాటా, చపాటానా అన్నది చిన్న చిట్టీల మీద రాసుకుంటూ పోతున్నాడు. ఆ రోజు ధర తేల్చే వేలం, అంటే జెండాపాట ముగిసి, ఖరీదుదారు సరుకు చూసి ధర పెట్టి, కాంటా అయి, రైతు చేతికి ఇచ్చే అమ్మకం లెక్క చీటీ (తక్‌పట్టీ) రాసే వేళకు గానీ పేరుతో పని పడలేదు. అరవై దాటిన ఆ గుమాస్తా నా వైపు చూసి, "తమ్మీ, నీ మిషిన్ పేరు ముందు అడుగుతది. మాకాడ బస్తాలు ముందు దిగుతయి, పేరు ఆఖర్ల వస్తది" అన్నారు.

ఆ వారంలోనే వరుస మొత్తం మార్చాం. కుప్ప నంబరు, రకం, బస్తాల సంఖ్య ముందుకు వచ్చాయి; పేరు చివరికి వెళ్లింది. మిర్చి దుమ్ము కీబోర్డు సందుల్లోకి దూరుతుందని, గుమాస్తా ఎడమ చేతిలో ఎప్పుడూ చిట్టీల కట్ట ఉంటుందని కూడా అక్కడే చూశాను. అందుకే కుడి చేత్తో అంకెల మీటలు మాత్రమే నొక్కి పని పూర్తి చేసుకునే ఏర్పాటు చేశాం. తర్వాతి సీజన్‌లో ఆ దుకాణమే మాకు మరో ఆరు దుకాణాలను పరిచయం చేసింది. దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ కంపెనీకి ఈ తెలివి ఉండదని నేను అనను. కానీ నలభై రోజుల పాటు రోజూ ఐదింటికి ఆ దుకాణంలో కూర్చోవడం వారికి భారమైన పని. నాకు ఇంటి నుంచి పదిహేను నిమిషాల దారి. చిన్న నగరంలో మనకున్న అసలైన పెట్టుబడి ఈ దగ్గరతనమే.

అపోహ: తెర మీద మాటలన్నీ తెలుగులోకి మారిస్తే సాఫ్ట్‌వేర్ తెలుగైపోతుంది.

వాస్తవం: మేము కూడా మొదట నిఘంటువు ముందు పెట్టుకుని "లావాదేవీ", "వినియోగదారు", "చెల్లింపు స్థితి" అని రాశాం. అవి చదివి గుమాస్తాలు ఆగిపోయేవారు. వారికి కావలసినవి జమ, బాకీ, ఖరీదుదారు, కాంటా, తరుగు, హమాలీ, పట్టీ. ఆ మాటలు పెట్టిన రోజు నుంచి శిక్షణకు పట్టే సమయం సగానికి సగం తగ్గింది.

భాష మాటలతో ఆగదు. దుకాణాల్లో ఎక్కువగా ఉండే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఇంగ్లిష్ అక్షరాలను తమ లోపల ముందే ఉన్న ఫాంట్లతో గబగబా కొట్టేస్తాయి. తెలుగు ఒత్తులు, గుణింతాలు వాటిలో ఉండవు కాబట్టి పట్టీని మొత్తం బొమ్మగా మార్చి పంపాలి, దానికి ఎక్కువ సమయం పడుతుంది. వరుసలో ముప్పై మంది రైతులు నిలబడి ఉన్నప్పుడు ఒక్కో పట్టీకి అదనంగా పట్టే పది సెకన్లు చిన్న విషయం కాదు. చివరికి పట్టీలో మారని భాగాన్ని ముందే అచ్చు వేయించి, పేరు, ఊరు, అంకెలు మాత్రమే ప్రింటరుకు పంపేలా చేశాం. పాత దుకాణాల్లో రైతుల జాబితాలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించినవి. వాటిని అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడం మరో నెల పని. ఆ పైన, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు మల్లయ్యలు ఉండే చోట ఒకరి డబ్బు మరొకరి ఖాతాలో పడకుండా చూసుకోవాలి. అందుకే తండ్రి పేరు అడగడం మా సాఫ్ట్‌వేర్‌లో తప్పనిసరి అయింది. ఈ పనులకు ఎక్కడా బహుమతులు ఉండవు గానీ, దుకాణదారుడు మనల్ని నమ్మేది వీటి వల్లే.

అపోహ: అద్దెలు, జీతాలు తక్కువ కాబట్టి ఇక్కడ నిలదొక్కుకోవడం తేలిక.

వాస్తవం: అద్దె తక్కువే. దానికి బదులుగా రెండు వేర్వేరు సంస్థల ఇంటర్నెట్ కనెక్షన్లు, పెద్ద ఇన్వర్టరు, నెలకు మూడు నాలుగు సార్లు కాజీపేట నుంచి సికింద్రాబాద్ ప్రయాణం లెక్కలో చేరతాయి. 2023 జూలై చివరి వారంలో కురిసిన వానలకు నగరంలోని చాలా కాలనీలతో పాటు మా ఆఫీసులోకీ నీళ్లు వచ్చాయి. దుకాణాల లెక్కలన్నీ క్లౌడ్‌లో ఉండటం వల్ల వారికి ఒక్క పట్టీ కూడా పోలేదు, మా కంప్యూటర్లు మాత్రం పోయాయి. అద్దె రెండు వేలు ఎక్కువైనా సరే, అప్పటి నుంచి పై అంతస్తులోనే ఉంటున్నాం.

అపోహ: ఎన్ఐటీ ఉన్న ఊళ్లో మనుషులకు కొదవ ఉండదు.

వాస్తవం: 1959లో రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా పుట్టి 2002లో ఎన్ఐటీగా మారిన ఆ సంస్థ వరంగల్‌కు గర్వకారణం. అయితే అక్కడ చదివేవారు దేశం నలుమూలల నుంచి వస్తారు, చదువు పూర్తయ్యాక పెద్ద కంపెనీలకు వెళ్తారు. వారి జీతాలు మేము ఇవ్వలేం. ఆ సంస్థ అధ్యాపకుల సలహాలు మాకు చాలాసార్లు ఉపయోగపడ్డాయి గానీ, మనుషులు అక్కడి నుంచి రాలేదు.

మా దగ్గర పని చేసేవారిలో ఎక్కువ మంది చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి, కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీల నుంచి వచ్చినవారు. ఆరు నెలలు నేర్పాలి. ఏడాదిన్నర తిరిగేసరికి వారిలో సగం మంది హైదరాబాద్ వెళ్లిపోతారు. మొదట్లో దీనికి బాధపడేవాడిని. ఇప్పుడు, ఎవరు వెళ్లినా పని ఆగకుండా ప్రతి మార్పునూ రాసిపెట్టే అలవాటు చేసుకున్నాం. జీతం ఒక్కటే వారిని కదిలిస్తుందనుకుంటే పొరపాటు. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు "అబ్బాయి ఏ కంపెనీ?" అన్న ప్రశ్నకు మా పేరు చెబితే అవతలివారు మౌనంగా ఉండిపోతారు. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ప్రారంభమయ్యాక, వరంగల్‌లోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఉంటుందన్న మాట ఇళ్లలో వినబడుతోంది. పెద్ద కంపెనీలు వస్తే చిన్నవాటికి మనుషులు దొరకరని భయపడేవారున్నారు, నా అనుభవం అందుకు భిన్నం. ఆ మాట వినబడటం మొదలయ్యాకే మా దగ్గరికి అనుభవం ఉన్నవారి దరఖాస్తులు రాసాగాయి. పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రుల కోసం తిరిగి వచ్చిన ఇద్దరు మహిళలు ఇప్పుడు మా కంపెనీకి వెన్నెముక. ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవారు మాకు దొరికింది ఈ ఊరు వారికి అవసరమైనందువల్లే.

అపోహ: బయటి పెట్టుబడి వస్తేనే అది స్టార్టప్.

వాస్తవం: పెట్టుబడి ఒక సాధనం. దుకాణదారుడు కట్టే రుసుముతో నడిచే కంపెనీ ఏ విధంగానూ తక్కువది కాదు. 2016 జనవరి 16న మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం స్టార్టప్ ఇండియా కింద గుర్తింపు పొందగానే ఖాతాలో డబ్బు పడుతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. ఆ గుర్తింపు అర్హత పత్రం మాత్రమే. 2021లో తెచ్చిన సీడ్ ఫండ్ పథకంలో నమూనా తయారీకి గరిష్ఠంగా 20 లక్షల రూపాయల గ్రాంటు, మార్కెట్లోకి వెళ్లడానికి గరిష్ఠంగా 50 లక్షల రూపాయల వరకు అప్పు లేదా వాటాగా మారే రుణం అని పెట్టారు. అది కూడా ఎంపికైన ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు తోడ్పడే సంస్థల) ద్వారా, పని జరిగిన కొద్దీ విడతల వారీగా ఇచ్చేది. పన్ను మినహాయింపు విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది: ప్రైవేట్ లిమిటెడ్ లేదా ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) అయి ఉండి, వేరుగా దరఖాస్తు చేసి ధ్రువపత్రం పొందితే తొలి పదేళ్లలో వరుసగా ఏవైనా మూడేళ్లకు లాభాల మీద మినహాయింపు వస్తుంది. లాభమే లేని తొలి ఏళ్లలో దాని కోసం తాపత్రయపడటం అనవసరం.

చిన్న కంపెనీలను ముంచేది పెట్టుబడి లేకపోవడం కన్నా రావలసిన డబ్బు రాకపోవడమే అని నా గట్టి అభిప్రాయం. మా నాలుగో ఏడాదిలో ఒక సంస్థ మూడున్నర లక్షల రూపాయలు పద్నాలుగు నెలలు ఆపింది. ఆ పద్నాలుగు నెలల్లో రెండుసార్లు మా ఇంట్లో బంగారం కుదువపెట్టి జీతాలిచ్చాను. సూక్ష్మ, చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కొన్నవారు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున వడ్డీ కట్టాలి. ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా కట్టని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదన్న ఆదాయపు పన్ను సవరణ 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక, మార్చి నెలలో ఫోన్లు బాకీ ఉన్నవారి నుంచి కూడా వస్తున్నాయి.

అయితే అందరూ ఒకరికొకరు తెలిసిన ఊళ్లో చట్టాన్ని ఆశ్రయించడం ఆఖరి మెట్టు. మాకు ఎక్కువగా ఉపకరించింది వసూలు చేసే నెలను మార్చడం. హైదరాబాద్ కంపెనీలను చూసి మొదట నెలనెలా చందా పెట్టాం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దుకాణాల్లో సరుకు ఉండదు, చేతిలో డబ్బు ఉండదు, మా ఫోన్ ఎత్తేవారూ ఉండరు. మిర్చి డబ్బు తిరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏడాదికి ఒకేసారి తీసుకోవడం మొదలుపెట్టాక బాకీలు దాదాపు పోయాయి. వచ్చిన డబ్బును వెంటనే పన్నెండు భాగాలు చేసి పక్కన పెట్టడం మా అకౌంటెంటు పట్టుబట్టి నేర్పిన క్రమశిక్షణ.

అపోహ: ఆలోచన బయటికి చెబితే దొంగిలిస్తారు, ముందు పేటెంట్ తీసుకోవాలి.

వాస్తవం: మన పేటెంట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ప్రోగ్రామ్‌గా పేటెంట్ రాదు. మనం రాసిన కోడ్‌కు కాపీరైట్ రాసిన క్షణం నుంచే వర్తిస్తుంది. మన సాఫ్ట్‌వేర్ పేరుకు ట్రేడ్‌మార్క్ మాత్రం తప్పక తీసుకోండి. ఆలోచనను ఎంతమంది అడ్తిదారులకు చెబితే అంత మంచిది, ఎందుకంటే అందులోని తప్పు వారే చెప్పగలరు.

అపోహ: ఇక్కడే ఉండిపోయినవారికి పెద్ద ఆశయాలు ఉండవు.

వాస్తవం: ఈ మాట నన్ను ఎక్కువగా నొప్పిస్తుంది. బంధువుల ఇళ్లలో "ఇంకా ఇక్కడనే ఉన్నవా?" అని ప్రేమగానే అడుగుతారు. జమ్మికుంట పత్తి మార్కెట్లో, ఖమ్మం మిర్చి మార్కెట్లో, నిజామాబాద్ పసుపు మార్కెట్లో రైతు చేతికి వెళ్లే ప్రతి పట్టీ మీద తూకం, ధర, తరుగు, హమాలీ ఖర్చు ఆయన చదవగలిగే తెలుగులో స్పష్టంగా ఉండాలని, అదే పట్టీ ఆయన ఫోన్‌కూ చేరాలని నా కోరిక. ఆ పనిని ఈ జిల్లాల పిల్లలే ఈ జిల్లాల్లో ఉండి చేయాలని కూడా కోరుకుంటున్నాను. దీన్ని చిన్న ఆశయమని నేను అనుకోవడం లేదు.

ఈసారి నిజామాబాద్‌తో మొదలుపెడుతున్నాం. మిర్చికి రాసిన సాఫ్ట్‌వేర్ పసుపుకు నేరుగా సరిపోదు. అక్కడ కొమ్ము, మండ వేర్వేరుగా లెక్కించాలి. ఒకే రైతు సరుకు రెండు ధరలకు పోతుంది. ఫిబ్రవరిలో పసుపు రాక ముమ్మరమవుతుంది కాబట్టి, జనవరి నెలాఖరుకే మా దగ్గర పని చేసే ఇద్దరు పిల్లలకు యార్డు దగ్గర గది అద్దెకు తీసుకున్నాం. మొదటి పది రోజులు కంప్యూటర్ తెరవకుండా, గుమాస్తా పక్కన కూర్చుని ఆయన ఏది ముందు రాస్తున్నారో, ఏది తర్వాత రాస్తున్నారో చూసి రమ్మని వారికి చెప్పాను.