ఆకుపచ్చ నీళ్లు వస్తే నికెల్ వచ్చినట్టేనా?

"అసే రిపోర్టులో (ల్యాబ్ పరీక్షలో) నికెల్ 0.8 శాతం ఉంది సార్. యాసిడ్ పోసి తీసేస్తే పోలా?" నెలలో ఒక్కసారైనా ఈ మాట వినాల్సిందే. అడిగేవాళ్ల చేతిలో సాధారణంగా ఎర్రమట్టి మూట ఒకటి ఉంటుంది. ఒడిశాలోని సుకింద క్రోమైట్ గనుల ఓవర్‌బర్డెన్‌లో, అంటే ఖనిజం కోసం తవ్వి పక్కన పోసే మట్టిలో, నికెల్ ఉందన్నది నిజమే, సుమారు 0.4 నుంచి 0.9 శాతం దాకా. మిగతాదంతా పుకారు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు ముంచే అపోహ ఏమిటంటే, నికెల్ తక్కువుంటే యాసిడ్ కూడా తక్కువే పడుతుందని. లెక్క చూడండి. టన్ను మట్టిలో 0.8 శాతం అంటే 8 కిలోలు. ఆ 8 కిలోలు కరగడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ పదమూడున్నర కిలోలు చాలు. బ్రోకర్ మీకు చూపించేది ఈ అంకె ఒక్కటే. కానీ లిమోనైట్‌లో, అంటే ఇలాంటి ఇనుపమట్టిలో, నికెల్ విడిగా ఉండదు, గోథైట్ అనే ఇనుప ఖనిజం లోపల ఇరుక్కుని ఉంటుంది. గోథైట్ కరిగితేనే అది బయటికొస్తుంది. టన్నులో 450 కిలోల ఇనుము ఉంటే, అదంతా కరగడానికి దాదాపు 1,180 కిలోల యాసిడ్ కావాలి. మట్టికంటే యాసిడ్ బరువే ఎక్కువ! మెగ్నీషియం ఉంటే కిలోకి ఇంకో నాలుగు కిలోలు.

మరి పెద్ద ప్లాంట్లు ఎలా నడుస్తున్నాయంటారా? ఆటోక్లేవ్‌లో (పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి పాత్రలో) 250 డిగ్రీల దగ్గర, 40 అట్మాస్ఫియర్లు దాటిన ప్రెషర్‌లో ఇనుము కరిగినట్టే కరిగి హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌గా మళ్లీ గట్టిపడుతుంది. తను తాగిన యాసిడ్ తిరిగి కక్కేస్తుంది. అందుకే టన్నుకి 250-400 కిలోలతో పని జరుగుతుంది. క్యూబాలోని మోవాలో 1959లోనే ఈ పద్ధతిలో ప్లాంట్ కట్టారు. కానీ ఇప్పటి ఆటోక్లేవ్‌లకు లోపల టైటానియం పొర కావాలి. 1990ల చివర పశ్చిమ ఆస్ట్రేలియాలో మొదలైన మూడు ప్లాంట్లలో బులోంగ్, కాస్ మూతపడ్డాయి, మురిన్ మురిన్ ఒక్కటే నిలదొక్కుకుంది. అంత పెట్టుబడి పెట్టినవాళ్లకే ఆ గతి పడితే, షెడ్డులో నాలుగు తొట్లు పెట్టుకున్నవాళ్ల సంగతి చెప్పాలా?

నీళ్లతో కడిగితే గ్రేడ్ (నికెల్ శాతం) పెరుగుతుందా? గోథైట్‌లో ఉన్నదాన్ని నీళ్లు విడదీయలేవు. వాడేసిన యాసిడ్‌ని నేల పీల్చేసుకుంటుందా? ఈ మాట అన్నవాళ్లని ఆ నేల పక్క బావిలో నీళ్లు తాగమనండి. సున్నపురాయితో తటస్థం చేయాలి, ఆ జిప్సం గుట్టకి చోటూ చూపించాలి.

కిందటేడు శ్రీకాకుళం వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. సీసాలో లేత ఆకుపచ్చ నీళ్లు. "పార్ట్‌నర్ చేసి చూపించాడు సార్, నికెల్ రంగే కదా?" అన్నారు. రంగు నికెల్‌దే కానక్కర్లేదు. నాలుగు చుక్కలు అమ్మోనియా వేశాను. మురికి ఆకుపచ్చ ముద్ద పడింది, పావుగంటలో పైనుంచి తుప్పురంగుకు తిరిగింది. ఫెర్రస్ ఇనుము, అంటే యాసిడ్‌లో కరిగిన ఇనుము.

"మట్టి దేంట్లో నానబెట్టారు మాస్టారూ?"

"ఇనప డ్రమ్ములో."

ఆయన కాసేపు మాట్లాడలేదు. అర ఎకరం అమ్మి అడ్వాన్స్ ఇచ్చారట, రెండో వాయిదా ఆ శుక్రవారం. ఇవ్వొద్దని చెప్పి, ముందు వెళ్లి డ్రమ్ము లోపల గోకి చూడమన్నాను. బుధవారం ఫోన్ చేశారు. అడుగున చిల్లు పడిందట.